లీటరుకు నాలుగు కిలోమీటర్లు

హెబ్రోనుకు కోపమెక్కువని ముత్తుకూరు రోడ్డు మీద లారీ తోలే ప్రతివాడికీ తెలుసు. బండి తెచ్చినవాడు ఇంజను గురించి అబద్ధం చెప్పినా, పనివాడు ఒక బోల్టు బిగించకుండా వదిలేసినా అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు. తిట్టిన నోటితోనే టీ తాగి పొమ్మంటాడు కాబట్టి అతని షెడ్డుకు రావడం ఎవరూ మానలేదు.

సొంతూరు కోవూరు. తండ్రి వరిపొలాల్లో కూలి. పదో తరగతి తప్పాక హెబ్రోను నెల్లూరులో లారీ ఇంజన్లకు డీజిలు అందించే పంపులు బాగుచేసే షాపులో చేరి తొమ్మిదేళ్లు పని నేర్చుకున్నాడు. తర్వాత కృష్ణపట్నం పోర్టుకు పోయే దారి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఇప్పుడతనికి యాభై మూడేళ్లు. కొత్త బళ్లకు కంప్యూటరు తగిలించి చూసేవాళ్లు వచ్చినా, పాత లారీ మైలేజీ పడిపోతే ఓనర్లు ఇంకా అతన్నే వెతుక్కుంటూ వస్తారు. ఇంజను స్టార్ట్ చేయించి, పొగ రంగు చూసి, సైలెన్సరు ముందు అరచెయ్యి పెట్టి జబ్బు చెప్పేస్తాడు. పదికి తొమ్మిదిసార్లు విప్పి చూస్తే అదే ఉంటుంది. పదోసారి తప్పయితే ఒప్పుకుని కూలి తీసుకోడు.

సుశీల్ కుమార్ కూడా అలా వచ్చినవాడే. పోర్టు నుంచి బొగ్గు తోలే లారీలు పన్నెండున్నాయి అతనికి. అన్నీ పాతవే. హెబ్రోను వెళ్లే చర్చిలోనే సంఘపెద్ద కూడా.

"హెబ్రోనూ, పన్నెండు బళ్లకీ పంపుల్లో డీజిలు తగ్గించెయ్. లీటరుకి నాలుగు రావాల. ఇప్పుడు మూడున్నర దాటడంలా" అన్నాడు.

"తగ్గిస్తే రాదు సార్" అన్నాడు హెబ్రోను. "ఎద్దుకి మేత తగ్గిస్తే పొలం చిన్నదవతాదా? అదే పొలం దున్నాల, ఈడ్చుకుంటా దున్నాల. బండికి లాగుడు తగ్గితే డ్రైవరు చిన్న గేర్లలో తొక్కతాడు. ఇంకా ఎక్కువ తాగతాది. నేను ఒక్కో బండీ చూస్తా. ఫిల్టరు, నాజిళ్లు, టైమింగు, టైర్లలో గాలి, బ్రేకులు పట్టేస్తా ఉండాయేమో అన్నీ చూస్తా. బండికి ఒక రోజు నిలపండి."

"పన్నెండు రోజులు రోజుకో బండి నిలిపితే నేనెట్ట బతకాల?"

సుశీల్ కుమార్ వెళ్లిపోయాడు. వారం తిరగకముందే ఇంకెవరినో పిలిపించి, రెండు రోజుల్లో పన్నెండు పంపులూ దింపించి, డీజిలు తగ్గించి, మళ్లీ ఎక్కించి, ఎవరూ ముట్టుకోకుండా సీలు వేయించాడు. ఆ సంగతి విని హెబ్రోను చేతిలోని రెంచిని బల్ల మీదకు విసిరికొట్టాడు. అంతకుమించి అతను చేసేదేమీ లేదు. బళ్లు తనవి కావు.

నెల గడిచేసరికి మైలేజీ పెరగలేదు సరికదా, మూడుకు పడిపోయింది. సుశీల్ కుమార్ ఆలోచన మరో దారి పట్టింది. సీలు వేసిన పంపు ఎక్కువ తాగదు కాబట్టి డ్రైవర్లు డీజిలు అమ్ముకుంటున్నారు. అతనికి అంతకన్నా తేలికైన కారణం దొరకలేదు.

మైలేజీ అన్నిటికన్నా తక్కువ వచ్చిన బండి పెంచల్‌ది. పెంచల్ పులికాట్ దగ్గర వలలు వేసుకుని బతికే కుటుంబం నుంచి వచ్చి పదకొండేళ్లుగా స్టీరింగు పట్టినవాడు. మాట తక్కువ మనిషి. ఒక పొద్దున యార్డులో ముప్పైమంది చూస్తుండగా సుశీల్ కుమార్ అతని క్యాబిన్ వెతికించాడు. సీటు వెనక నీళ్లు పట్టుకునే ఖాళీ క్యాను దొరికింది. దాన్ని ఎత్తి అందరికీ చూపించాడు.

"దీంతోనే కదరా దొంగతనం? వాసన చూడు. నా ఉప్పు తిని నా ట్యాంకుకే బొక్క పెట్టినావు."

"నీళ్ల క్యాను సార్ అది" అన్నాడు పెంచల్. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. తాళం చెవులు లాక్కుని గేటు బయటకు పంపేశారు. అప్పుడే భార్య దుర్గ అన్నం క్యారేజీతో గేటు దగ్గరికొచ్చి నిలబడి ఉంది. రెండు రోజులుగా విడవకుండా ట్రిప్పులు తిప్పుతున్నారని తనే తీసుకొచ్చింది. దొంగ అన్న మాట ఆమె చెవిన పడింది.

వాళ్లిద్దరూ అక్కడి నుంచి నేరుగా హెబ్రోను షెడ్డుకే వచ్చారు. పంపుల్లో డీజిలు తగ్గించొద్దని చెప్పింది అతనేనని డ్రైవర్లందరికీ తెలుసు. పెంచల్ బెంచీ మీద కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. జరిగింది దుర్గే చెప్పింది.

"అన్నా, ఈయన ఇల్లు కట్టలేదు, బండి కొనలేదు. దొంగతనం చేసుంటే మా ఇంట్లో యాడన్నా కనబడాల గదా."

హెబ్రోనుకు నిజంగా కోపమొచ్చినప్పుడు అరవడు. మెడ నరాలు బిగుస్తాయి, చెయ్యి గుడ్డతో తుడుచుకుంటూనే ఉంటాడు, మరక పోయినా తుడుస్తూనే ఉంటాడు. "పనికి ముందే నేను చెప్పినా. రాదని చెప్పినా" అన్నాడు చివరికి. చొక్కా మార్చుకోకుండానే మోటారుసైకిలు ఎక్కి యార్డుకు పోయాడు.

సుశీల్ కుమార్ ఆఫీసు గదిలో ఉన్నాడు. హెబ్రోను కూర్చోలేదు.

"ఆ బండి నాకు రెండు రోజులియ్యండి. పెంచల్ స్టీరింగు ముట్టుకోడు. మీకు నమ్మకమైన డ్రైవర్నే ఎక్కించండి. ట్యాంకుకి మీరే తాళమెయ్యండి. నేను ట్యాంకు నుంచి పైపు పీకేసి క్యానులోంచి డీజిలిస్తా. కొలిచి పోద్దాం, కొలిచి చూద్దాం. పెంచల్ దొంగని తేలితే ఇంక మీ బళ్లకి జీవితాంతం కూలి లేకుండా పని చేస్తా."

"తేలకపోతే?"

"మీరు యార్డులో అన్న మాట యార్డులోనే వెనక్కి తీసుకోవాల."

సుశీల్ కుమార్ నవ్వి సరేనన్నాడు. ఓడిపోతానన్న ఊహే అతనికి లేదు.

మర్నాడు ఓబులేసు అనే పెద్ద డ్రైవరును ఎక్కించారు. పదిహేనేళ్లుగా యజమాని నమ్మిన మనిషి. ఇంజనుకు డీజిలు పోయే పైపునూ, మిగిలింది తిరిగొచ్చే పైపునూ హెబ్రోను క్యాబిన్ వెనక కట్టిన పెద్ద క్యానులోకి దింపాడు. అందులో గీత దాకా డీజిలు నింపారు. బొగ్గు లోడుతో పోయి ఖాళీగా తిరిగొచ్చారు, నలభై ఎనిమిది కిలోమీటర్లు. సుశీల్ కుమార్ తన కారులో వెనకే వచ్చాడు. యార్డులో క్యానును మళ్లీ గీత దాకా నింపడానికి పదహారున్నర లీటర్లు పట్టింది.

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "మూడు కూడా రాలా సార్. ఎత్తు మీద రెండో గేరులో ఏడ్చింది. నేను తోలినా ఇంతే, పెంచల్ తోలినా ఇంతే."

హెబ్రోను ఎయిర్ ఫిల్టరు విప్పి బల్ల మీద కొట్టాడు. బొగ్గుదుమ్ము కుప్పలా రాలింది. కొత్తది వేయకుండా గాలి కొట్టి కొట్టి అదే వాడారు. కాగితం మడతలు నల్లగా మూసుకుపోయి ఉన్నాయి. తర్వాత సీలు తెంపి పంపు చూశాడు. దింపి ఎక్కించినప్పుడు పంపు మీది గుర్తును ఇంజను మీది గుర్తుకు సరిగ్గా ఎదురుగా పెట్టలేదు. టైమింగు వెనకపడి, డీజిలు పడాల్సిన క్షణం దాటాక పడుతోంది. సగం కాలి, సగం పొగై పోతోంది.

"చూడండి సార్" అన్నాడు. "మీ దొంగ ఈడ ఉండాడు. ఊపిరాడని ఇంజనుకి కొలత తగ్గించి, తప్పు మనిషి మీదేసినారు."

ఆ రోజంతా పని చేశాడు. కొత్త ఫిల్టరు వేశాడు, డీజిలు చిమ్మే నాజిళ్లు పరీక్షించి రెండు మార్చాడు, తగ్గించిన డీజిలు మళ్లీ సరిచేశాడు, టైమింగు పెట్టాడు, ఈడుస్తున్న వెనక చక్రం బ్రేకు వదులు చేశాడు. రెండో రోజు అదే దారి, అదే బరువు, అదే ఓబులేసు. పన్నెండున్నర లీటర్లు పట్టింది. నాలుగుకు కాస్త తక్కువ.

సుశీల్ కుమార్ ముఖం వెలిగిపోయింది. "శభాష్. మిగతా పదకొండూ రేపటి నుంచే మొదలుపెట్టు."

"ముందు మాట" అన్నాడు హెబ్రోను.

"పెంచల్‌ని రేపు పనిలోకి రమ్మను. అయిపోయింది కదా."

"రమ్మనడం కాదు. అన్నమాట వెనక్కి తీసుకోవాల."

సుశీల్ కుమార్ కారెక్కి వెళ్లిపోయాడు. హెబ్రోను ఆ పదకొండు బళ్లనూ ముట్టుకోలేదు. పంపు పని తెలిసిన మరో ఇద్దరికి సంగతి తెలిసి వాళ్లూ రామన్నారు. ఆదివారం చర్చిలో సుశీల్ కుమార్ నిలబడి ప్రార్థన చేస్తుంటే హెబ్రోను కళ్లు మూసుకోలేకపోయాడు. ఇంటికొచ్చాక భార్య ఫ్లోరా అంది:

"క్షమించమని రోజూ వింటావుండాం గదయ్యా. ఎన్నాళ్లీ కోపం?"

"నన్నంటే ఎప్పుడో వదిలేసుందును. క్షమించాల్సినోడు పెంచల్. సారు అతన్నడిగితే గదా క్షమించేది. అడగనే లేదే."

ఫ్లోరా ఆ సాయంత్రం దుర్గ ఇంటికి బియ్యం, చేపలు పట్టుకుని తనే వెళ్లింది.

సుశీల్ కుమార్ దిగిరావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆలోగా ఒక లారీ పోర్టు రోడ్డు మీదే ఇంజను వేడెక్కి పిస్టను పట్టేసి ఆగిపోయింది. డ్రైవర్లు ఓబులేసు మాట మీద ఒక్కటై, డీజిలు కొలిచి ఇచ్చి కొలిచి తీసుకుంటేనే బండి ఎక్కుతామన్నారు. పంతొమ్మిదో రోజు సుశీల్ కుమార్ పెంచల్‌నీ హెబ్రోనునూ యార్డుకు పిలిపించాడు. దుర్గ పిలవకుండానే వచ్చింది. సుశీల్ కుమార్ చేతులు జేబుల్లో పెట్టుకుని, "ఆ రోజు తొందరపడినా. పెంచల్ తప్పేం లేదు" అన్నాడు, పక్కనున్నవాడికి మాత్రమే వినబడేలా.

"గట్టిగా చెప్పండి సార్" అంది దుర్గ. "ఆ రోజు మీ గొంతు గేటు దాకా వినబడింది."

సుశీల్ కుమార్ ఒకసారి చుట్టూ చూశాడు. జేబుల్లోంచి చేతులు తీశాడు. "పెంచల్ డీజిలు దొంగతనం చెయ్యలేదు. నేను తప్పు మాటన్నాను" అని ఈసారి అందరికీ వినబడేలా చెప్పాడు.

పెంచల్ తలూపాడు, అంతే. తిరిగి పనిలో చేరమంటే వద్దన్నాడు. కోట అనే ఊళ్లో రొయ్యల మేత తోలే లారీ దొరికింది అతనికి. ఇప్పుడు దాని మీదే ఉన్నాడు.

హెబ్రోను ఆ తర్వాతే మిగతా పదకొండు బళ్లూ చేశాడు. రోజుకొకటి. ఒక్కో ఫిల్టరు విప్పుతూ, నల్లటి దుమ్ము నేల మీద దులుపుతూ, ఎవరినన్నది తెలియకుండా తిడుతూనే ఉన్నాడు. టీ తెచ్చిన ఓబులేసు, "ఇంకా ఎందుకన్నా, ఆయన చెప్పేసినాడు గదా" అన్నాడు.

"చెప్పినాడు" అన్నాడు హెబ్రోను పంపు మీద నుంచి తలెత్తకుండా. "పద్దెనిమిది రోజులు ఆ మనిషి ఊళ్లో తలొంచుకుని తిరిగినాడు. అది ఎవరు సెట్ చేస్తారు? ఆ పదమూడో నంబరు పానా ఇట్టియ్."