నడిస్తే ఓడిపోయే దావా

మా అత్తవారింట్లో అందరి ఆయుష్షులూ కలుపుకుని గెలిచింది ఒకే ఒక్క దావా. ఆ మాట ఎవరైనా ఎత్తితే మా అత్త లేచి కొట్టంలోకి వెళ్లిపోయేది. పండక్కి వచ్చిన చుట్టాలు మా మామను పొగడబోయి, ఆమె లేచిపోవడం చూసి నాలిక కరుచుకునేవారు.

హైదరాబాదు కార్వాన్‌లో మాది పాలవాళ్ల ఇల్లు. నేను మాదన్నపేట నుంచి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్లు కాలేదు. యుద్ధం రోజులు. బర్రెలకు తవుడు దొరకదు, దొరికినా కొనేటట్టు ఉండదు. ఉన్న ఐదు బర్రెల మీదే ఇల్లంతా బతకాలి. మా గోడ అవతల ఆకుకూరలమ్మే ఒకామె ఉండేది. భర్త పోయాడు, బిడ్డ దగ్గర, అల్లుడి దగ్గర ఉంటుంది. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగేది. నేను పెద్దమ్మ అనేదాన్ని. మా అత్తకూ ఆమెకూ ఎంత చనువంటే, ఒకరింట్లో పొయ్యి వెలిగితే నిప్పు రెండో ఇంటికి పోయేది. మా అత్త కోపమొచ్చినప్పుడు నన్ను తిట్టాలన్నా ఆ గోడ దగ్గరికి వెళ్లి ఆమెకు చెప్పి తిట్టేది. అట్లా నా తప్పులన్నీ నాకంటే ముందు పెద్దమ్మకు తెలిసేవి.

ఒకనాటి సాయంత్రం మా మామ బర్రెలను నీళ్లకు తోలుకొస్తుంటే గల్లీలో పెళ్లివారి బాజా మొదలైంది. బర్రెలు బెదిరాయి. ఆ వేళకు అటు తోలొద్దని మా అత్త ఎన్నిసార్లు చెప్పిందో నేనే విన్నాను. పెద్దమ్మ ఖాళీ గంపతో గోడ పక్కన నిలబడి ఉంది. మా పెద్ద బర్రె ఆమెను గోడకేసి నెట్టి, కాలు తొక్కుకుంటూ పోయింది. మోకాలి కింద ఎముక విరిగింది. పొరుగు గల్లీలో ఎముకలు కట్టే పహిల్వాన్ వచ్చి వెదురు బద్దలు పెట్టి, గుడ్డు సొన పూసి కట్టు కట్టాడు.

మా వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. మన గొడ్డు ఎవరినైనా దెబ్బ తీస్తే, వాళ్లు లేచి తిరిగేదాకా వాళ్లింటికి మన ఇంటి పాలు పోతాయి. ఆ పాలు కొలవకూడదు. మా అత్త ఆ రాత్రి పాల నుంచే మొదలుపెట్టింది. పెద్దమ్మ తాగేది, బాగున్నాయో నీళ్లు కలిపినవో కూడా చెప్పి పంపేది. అక్కడితో అది అయిపోవాల్సిన సంగతి.

కాని ఆ ఏడు మా బస్తీలో హర్జానా పిచ్చి పట్టుకుంది. ఎవరో నవాబుగారి మోటారు కింద పడ్డ ఒక కూలీకి అదాలత్ దెబ్బకు పరిహారంగా హర్జానా ఇప్పించిందట. ఎంత ఇప్పించిందో ఒక్కో నోట ఒక్కో లెక్క. ఆ కూలీ చచ్చేదాకా కుంటాడన్న మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇక చూడండి, ఎవరికి వారు పాత దెబ్బలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. మా పేడదిబ్బ దగ్గర ఎప్పుడో జారిపడ్డ ఒకాయన వచ్చి, మోచెయ్యి చాచి, ఇప్పటికీ చలికాలం గుంజుతున్నదని మా మామకు చూపించి పోయాడు. నవ్వుకున్నాం. పెద్దమ్మ అల్లుడు ఒక దఫ్తరులో చప్రాసీ. నలుగురితో తిరిగేవాడు, ఒక వకీలును పట్టుకొచ్చాడు. మా మామ మీద దావా పడ్డప్పుడు నవ్వు పోయింది.

ఆమెకు ఏమీ రాకూడదని నేను ఏనాడూ అనలేదు. కాలు ఆడితే తప్ప గంప ఎత్తలేని మనిషి. తప్పు మాదే. అయితే వాళ్లు అడిగిన మొత్తం బర్రెలన్నీ అమ్మినా వచ్చేది కాదు. మా మామ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన కూడా ఒక వకీలును పెట్టుకున్నాడు. ఆ వకీలు మొదటి మాటే పాలు ఆపమన్నాడు. పాలు పంపితే నేరం ఒప్పుకున్నట్టే అవుతుందట. అవతల వాళ్ల వకీలు, ఆ ఇంటి పాలు ముట్టొద్దన్నాడు. తీసుకుంటే రాజీ పడ్డట్టే అవుతుందట. ఇద్దరు చదువుకున్నవాళ్లు ఒకరికొకరు విరోధులై ఉండి, ఒక ముంతెడు పాల దగ్గర మాత్రం ఒక్క మాట మీద నిలబడ్డారు.

కట్టు విప్పిన రోజున పహిల్వాన్ గట్టిగా చెప్పాడు, ఆ గోడ మీదుగా మేమూ విన్నాం. ఎముక అతికిందని, ఇక రోజూ నాలుగడుగులు వేయాలని, మోకాలు వంచుతూ ఉండాలని, లేదంటే కాలు కట్టెలా బిగిసిపోతుందని. వాళ్ల వకీలు మాట వేరే ఉంది. జడ్జి కళ్లతో చూసేదాకా ఆమె మంచం దిగొద్దు. నడిచే మనిషికి హర్జానా ఎవరిస్తారు? విచారణకు పేషీ వచ్చే నెల ఉందన్నారు. వచ్చే నెల కాస్తా ఆ పైనెలకు పోయింది. మళ్లీ వాయిదా. అల్లుడు ఆమెను మంచం మీద నుంచి కదలనివ్వలేదు. చెడ్డవాడని నేను అనను. అత్తకు మంచి జరగాలనే చూశాడు, ఆ మంచి కాగితం మీద ఉందనుకున్నాడు.

ఇక్కడ మా అత్త పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. కాలు బిగుస్తున్న సంగతి ఆమెకు తెలుసు, గొడ్ల కాళ్లు చూసిన చెయ్యి. లేచి నడువక్కా అని చెబుదామంటే తాను దావాలో అవతలి మనిషి. నడిస్తే ఎవరికి లాభం? మాకే. ఏ నోటితో చెబుతుంది? బస్తీలో ఇంకెవరు చెప్పినా అది మంచిమాట అయ్యేది, మా అత్త నోట వస్తే ఎత్తుగడ అవుతుంది. వారం రోజులు గోడ దగ్గరికి వెళ్లడం, తిరిగి రావడం, నా మీద విసుక్కోవడం. చివరికి ఒక మధ్యాహ్నం, అల్లుడు దఫ్తరుకు, బిడ్డ బజారుకు పోయాక, పెరటి తడికె తోసుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

పెద్దమ్మ మా అత్తను చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది. మా అత్త మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఆ మోకాలు పట్టుకుని వంచింది. వంగలేదు. పెద్దమ్మ పళ్లు బిగబట్టి ఏడ్చింది.

"అక్కా, దావా సంగతి మొగోళ్లు సూస్కుంటరు. పైసలొచ్చినంక నువ్వు నడుస్తనంటే కాలు ఒప్పుకోదు," అంది మా అత్త.

అట్లా మొదలైంది. రోజూ అదే వేళకు వెళ్లేవాళ్లం. నువ్వుల నూనె రాసి, మెల్లగా వంచి, మా అత్త భుజం పట్టించి పెరట్లో అటూ ఇటూ తిప్పేది. నేను తడికె దగ్గర కావలి. మొదట్లో అడుగుకో శాపనార్థం పెట్టేది పెద్దమ్మ. మా బర్రెను, మా మామను, నన్ను, ఎవరినీ వదల్లేదు. కొన్నాళ్లకు మళ్లీ పాత కబుర్లు, నా వంట మీద ఎగతాళి. దావా మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఒకనాడు ఆమె భుజం వదిలేసి తనంత తాను తులసి కోట దాకా నడిచింది. మా అత్త కళ్లు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది.

మా మామ గుడ్డివాడు కాదు. రోజూ ఆ వేళకు ఇంట్లో నూనె గిన్నె ఉండదు, పెళ్లాం ఉండదు. ఒకసారి నేను ఏదో పనికి ఇంట్లోకి వస్తే, అత్త ఏదని అడిగాడు. పిడకల దగ్గర ఉందన్నాను. ఆయన నా చేతికున్న నూనె చూశాడు. ఆయన వెళ్లి వకీలుకు చెప్పాడు. వకీలు ఒక మనిషిని వెనుక ఇంటి మిద్దె మీదికి పంపాడు. ఇవేవీ అప్పటికి మాకు తెలియవు.

పేషీ నాడు పెద్దమ్మను మంచంతో సహా బండి మీద తీసుకుపోయారు. అదాలత్‌లో జరిగింది నా పెనిమిటి వచ్చి చెప్పాడు. మిద్దె మీది మనిషి సాక్ష్యం చెప్పాడట, ఈమె నడవడం చూశాననీ, నడిపించింది ప్రతివాది భార్యేననీ. అల్లుడు అబద్ధమని లేచాడట. జడ్జి ఆమెనే అడిగాడట. ఆమె నడిచిన మాట నిజమేనని చెప్పిందట. దావా కొట్టేశారు. విరిగిన ఎముక సంగతి, మా తప్పు సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. నడక దాచిన మనిషి మాట ఇంకెట్లా నమ్మాలన్నాడట జడ్జి. మా మామ దారిలో మిఠాయి కొనుక్కొచ్చాడు.

మా అత్త ఆ పొట్లాన్ని చూడనైనా చూడలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మామకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే కషాయం కాచింది, మనసులో మాట మాత్రం చెప్పలేదు. ఆయన మీద నాకు అప్పుడు పీకల దాకా కోపం. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాని బర్రెలు పోయి ఉంటే మేమేం తిని బతికేవాళ్లమో కూడా నాకు తెలుసు, ఆ తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ సాయంత్రమే మా అత్త పక్కింటికి వెళ్లింది. ఈసారి తడికె దారిన కాదు, వీధి వాకిలిలోంచి, అందరూ చూస్తుండగా. తనకు ఆ మిద్దె మీది మనిషి సంగతి తెలియదని చెప్పింది, పిల్లల మీద ఒట్టు పెట్టుకుంది. పెద్దమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి అంతా విన్నది. అల్లుడు తిట్టబోతే చెయ్యెత్తి ఆపింది కూడా.

"నా కాలు కొరకే వచ్చినవో, దావా కొరకే వచ్చినవో, నాకెట్ల ఎరుకైతది చెల్లె? రెండిట్లకు నువ్వు చేసే పని ఒక్కటే గద," అంది.

మా అత్త వచ్చిన దారినే తిరిగొచ్చింది. నేను రోజూ పక్కనే ఉన్నదాన్ని, కళ్లారా చూసినదాన్ని, అయినా నేను మా ఇంటి కోడలినే కదా. నా సాక్ష్యం ఎవరిక్కావాలి?

వానాకాలం తిరిగేసరికి పెద్దమ్మ మళ్లీ గంప ఎత్తింది. కర్ర లేదు, కుంటు లేదు. ప్రతి వాకిలి దగ్గరా ఆగి, గంప దించి, బేరం ఆడి, ముందుకు సాగేది. మా వాకిలి దగ్గర ఆగేది కాదు. మా అత్త ఆ వేళకు పాలు పిండడం కూడా ఆపి తలుపు చాటున నిలబడేది. పలకరిస్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకునేది. మా అత్త పలకరించేది కాదు, పాదం ఎట్లా పడుతున్నదో, మోకాలు ఎంత వంగుతున్నదో అదే చూసేది. ఒకరోజు పెద్దమ్మ మా ఇంటి దాకా నెమ్మదిగా వచ్చి, మా గడప కనబడగానే తల వంచుకుని గబగబా దాటిపోయింది.

"సూసినవా," అంది మా అత్త నా చెయ్యి పట్టుకుని, "గంప బరువుతోని గూడ ఎంత జల్ది నడుస్తున్నదో."