ఆంటీ హాల్లో అమెరికా యుద్ధం

గంగాలిన్ ఊరి చలిలో వణుకుతూ మా స్కూలు స్టాఫ్‌రూమ్‌లో అడుగుపెట్టేసరికి ఎవరో అల్లం టీ పెట్టుకున్నారు. ఆ వాసనకి సుభద్ర ఆంటీ కళ్లముందు నిలిచింది. గుంటూరులో హిస్టరీ లెక్చరర్‌గా చేసి, సిడ్నీలో స్థిరపడ్డావిడ. సిడ్నీ శివారు గిరావీన్‌లో ఆవిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుని నేను అకౌంటింగ్ చదివేదాన్ని. చదివేదాన్ని అనడం కూడా ఎక్కువే! నా ప్రాణమంతా శనివారం ఆవిడ హాల్లో చెప్పే హిస్టరీ ట్యూషన్ మీదే ఉండేది.

ఆంటీది ఒక వింత పద్ధతి. మనకు నచ్చినవాళ్ల తరఫున మాట్లాడనిచ్చేది కాదు. అవతలివాళ్ల మాటని, వాళ్లే విని ఔననేంత బాగా ముందు చెప్పాలి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం వచ్చినరోజు పిల్లలంతా అమెరికా వైపే. "టీ మీద కూడా ట్యాక్సా? దే హాడ్ నో వోట్, ఆంటీ!" అని ఒకటే గోల. ఆవిడ నా వంక తిరిగి, "నువ్వు బ్రిటన్‌వమ్మా, మాట్లాడు" అంది. అద్దెకున్న పాపానికి నన్నూ కూర్చోబెట్టేది లెండి.

"ఫ్రెంచివాళ్లతో పోరాడి మిమ్మల్ని కాపాడాం. ఆ ఖర్చు మా నడ్డి విరిచింది. మీరు కాస్తయినా భరించరా?" అన్నాను. "ఇప్పుడు అడగండి, పార్లమెంటులో చోటివ్వకుండా పన్నెలా వేస్తారని" అంది ఆంటీ పిల్లలతో.

తరువాతి వారం సారటోగా యుద్ధం. అక్కడ ఒక బ్రిటిష్ సైన్యం మొత్తం లొంగిపోయింది. "యుద్ధం అప్పుడే అయిపోలేదర్రా. కానీ వీళ్లు గెలవగలరని ఫ్రాన్సుకి గురి కుదిరింది, బహిరంగంగా చేయి కలిపింది. చివరికి యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం ఓడినప్పుడు దానికి సముద్రం దారి మూసింది ఆ ఫ్రెంచి ఓడలే" అంది. అమెరికా చేజారాకే బ్రిటన్ తన ఖైదీలను ఇటు సిడ్నీకి పంపిందనీ, ఇక్కడి ఆదివాసుల బతుకు అలా తలకిందులైందనీ చెబుతుంటే పిల్లలతో పాటు నేనూ నోట్సు రాసుకున్నాను.

పిల్లలు వెళ్లాక నాకు ఏడుపు ఆగలేదు. "అకౌంటింగ్ నావల్ల కాదాంటీ, హిస్టరీ టీచర్నవుతాను. నాన్న ఒప్పుకోరు, ఆయనకి పంతం."

"అది నీ మాట. ఆయన మాట చెప్పు."

రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే తెనాలికి ఫోన్ చేశాను. "నాన్నా, ముందు మీ మాట నేను చెబుతాను, తప్పుంటే దిద్దండి. పరాయి దేశంలో ఒంటరిపిల్ల. కోర్సు మార్చి ఉద్యోగం రాక ఇబ్బంది పడితే, పరుగెత్తుకొచ్చే దూరం కాదు. మీది కోపం కాదు, భయం." నాన్న "నా మాటంతా నువ్వే చెప్పేశావు కదే అమ్మడూ. ఇక నీ మాట చెప్పు" అన్నారు.

అలా టీచర్నయ్యాను. ఆంటీ ఇప్పుడు లేదు. మొన్న మా అమ్మాయి యూనివర్సిటీలో మ్యూజిక్ చదువుతానంది. "వద్దు" అనబోయాను, నోటిదాకా వచ్చేసింది కూడా. గట్టిగా మింగేసి, "ఆగు, ముందు నీ మాట నేను చెబుతాను" అన్నాను. తలుపు దగ్గరికి వెళ్లిపోతున్నదల్లా వెనక్కొచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"కీప్ గోయింగ్, అమ్మా" అంది.