ఖాళీ గిన్నె చూస్తే ఆగని మ్యొంగ్‌ఒక్

మా సోల్సమ్ దీవిలోని ఫోన్లనూ, పడవల యంత్రాలనూ, వైద్య పరికరాలనూ ఒక్క ముసలి సర్వర్ కంప్యూటరు మీద, ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకుండా నడిపించడం యొమ్ మ్యొంగ్‌ఒక్ సాధించిన మొదటి విజయం. అందుకు మూడు శీతాకాలాలు పట్టింది. ఆ మూడు శీతాకాలాలూ ఆమె మా ముందున్న గిన్నెలన్నీ లాక్కుంది. అదే ఆమె జబ్బు. వాడకుండా ఉన్న పాత్ర కంటపడితే చెయ్యి ఆగదు.

నేను చదివింది ఈ దీవి బడిలోనే. అయినా మూడు విడతలు గ్రామపెద్దగా చేశాను. రేవు నా హయాంలోనే వచ్చింది, మంచుగది నా హయాంలోనే వచ్చింది, సియోల్‌లో ఉద్యోగం మాన్పించి మ్యొంగ్‌ఒక్‌ను తెచ్చిందీ నేనే. నా అరవయ్యో పుట్టినరోజు విందులో రేవు సంగతి చెబుదామని చెంచా కింద పెట్టానో లేదో, పుట్టినరోజున తాగే సముద్రపు నాచు పులుసు గిన్నె మాయం.

"అమ్మాయ్, ఇంకా తాగుతున్నానే!"

"తాగడం లేదు పెద్దయ్యా, మాట్లాడుతున్నారు. తాగేటప్పుడు మళ్లీ పోస్తాను."

"ఇంకాసేపుంటే నన్ను కూడా లేపేసేలా ఉన్నావే!"

"మిమ్మల్నెందుకు లేపుతాను? మీ చోటు మీదే."

మొన్నామధ్య తుఫానుకు అవతలి తీరంతో లైను తెగింది. మర్నాడు మధ్యాహ్నం అతుక్కోగానే దీవి దీవంతా ఒక్కసారిగా సర్వర్ తలుపు తట్టింది. కొత్తగా వచ్చినవాళ్లను సర్వర్ ఊరూ పేరూ ఆరా తీసి, ఇద్దరికే తెలిసిన రహస్య లిపి కుదుర్చుకుని గానీ లోపలికి రానివ్వదు. ఆ తతంగానికే దాని మెమరీ నిండిపోయింది. మత్స్య సంఘం అధ్యక్షుడు ప్యొ దొక్సు, మ్యొంగ్‌ఒక్ సర్వర్ ముందు కూర్చున్న గ్రామ కార్యాలయంలోకి ఊడిపడ్డాడు.

"ఆన్‌లైన్ వేలం మొదలైపోయింది, నా పీతలు చస్తున్నాయి! నోరు మెదపని కనెక్షన్లన్నీ తెంపెయ్!"

"తెంపను."

"ఊరికే చోటు తింటున్నాయి కదే!"

"అందులో కుక్ వాళ్లింటి అవ్వ గుండె ఉంది బాబాయ్. ఆవిడ ఛాతీలో పెట్టిన యంత్రం డాక్టరుతో ఎప్పుడో గానీ మాట్లాడదు. అది ఊరుకుందంటే అవ్వ బాగుందని. తెంపేస్తే, అవ్వకు ప్రాణం మీదికొచ్చిన క్షణాన అది గుమ్మంలో నిలబడి తన ఊరూ పేరూ చెప్పుకుంటూ ఉంటుంది."

దొక్సు టోపీ తీసి కూర్చున్నాడు. 

మ్యొంగ్‌ఒక్ మా విందుల్లో చేసే పనే అక్కడా చేసింది. మాట ఆపిన ప్రతి కనెక్షన్ ముందు నుంచి అది వాడని మెమరీ లాగేసింది. ఏ కనెక్షన్‌నూ చోటు నుంచి లేపలేదు. ఇదివరకు ఆరా తీసి పంపినవాళ్లకు సర్వర్ ఒక గుర్తు ఇచ్చి ఉంచుతుంది. ఆ గుర్తు చూపించినవాళ్లను తిరిగి ప్రశ్నించకుండా రానిచ్చింది. చూస్తుండగానే అందరికీ చోటు చాలింది. గిన్నె లాక్కున్నప్పుడల్లా ఈ పిల్ల మమ్మల్ని విసుక్కుంటోందనుకునేవాళ్లం. వెనకొచ్చేవాడికి జాగా చూస్తోందని ఆరోజు తెలిసింది.

పొద్దు వాలుతుండగా అవ్వ యంత్రం మాట్లాడింది. అవతల డాక్టరు విన్నాడు. హెలికాప్టరు వచ్చింది. తోడెవరని అడిగేసరికి మ్యొంగ్‌ఒక్ అప్పటికే ఎక్కి కూర్చుంది.

నిన్న ఆస్పత్రిలో ఉన్న మ్యొంగ్‌ఒక్‌కు ఫోన్ చేశాను.

"అవ్వ ఎలా ఉందమ్మా?"

"నన్ను తిట్టేంత బాగుంది పెద్దయ్యా. గంజి సగంలో ఉండగా లాగేశానట."

ఇద్దరూ అక్టోబరు తొమ్మిదిన, మధ్యాహ్నం పడవలో వస్తున్నారు.