శౌరయ్య పుస్తకంలో ఖాళీ వరుస

ఇబ్రహీంపట్నం అవతల మా యూదుల ప్రార్థన మందిరం ఒక రేకుల షెడ్డు. ఉన్నది కొద్ది కుటుంబాలే. మా తాతల తరం చర్చి వదిలి ఈ విశ్వాసంలోకి వచ్చింది. అప్పటినుంచి మమ్మల్ని చూడటానికి వచ్చే ప్రతివాడూ కెమెరా పట్టుకునే వస్తాడు, మేం నిజమైన యూదులమో కాదో తేల్చడానికి. వాళ్ల ప్రశ్నలన్నీ శౌరయ్య తాతకే తగిలేవి. మందిరంలో పాట ఎత్తేది ఆయనే మరి.

"క్రైస్తవ పునీతుడి పేరు పెట్టుకుని యూదుడివెలా అయ్యావు?" అని ఒకాయన అడిగాడు.

"మా అమ్మ పెట్టిందండీ. ఇంతవరకూ దేవుడే అభ్యంతరం చెప్పలా" అన్నాడు తాత.

ఆయన విజయవాడ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. విశ్రాంతి దినమని శనివారం పెళ్లిళ్లకు రానని మొండికేసి మంచి మేళాలు పోగొట్టుకున్నాడు. వయసులో ఉండగా ఎవరి ద్వారానో బొంబాయి నుంచి ఒక క్యాసెట్ ఆయన చేతికొచ్చింది. అక్కడి యూదు మందిరంలో పాటలు నడిపించే హజన్ ఒకాయన, ఇంట్లో కూర్చుని విశ్రాంతి దినపు ప్రార్థనలన్నీ పాడి రికార్డు చేశాడు. అది కాపీకి కాపీ, సగం గరగర. తాత దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి వింటూ హీబ్రూ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. ప్రతి మాట స్వరాన్నీ క్లారినెట్‌ మీద పట్టుకుని పైన ఎర్ర సిరాతో వేశాడు. పుస్తకం పూర్తయ్యేసరికి టేపు నలిగి తెగిపోయింది. ఆ తర్వాత మాకు పుస్తకమే మిగిలింది.

నేను గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపులో పనిచేస్తాను. తాతకు పోయినేడు ఆయాసం ఎక్కువైంది. పుస్తకం ఇవ్వు, ఇంటికొక కాపీ తీసిస్తానంటే ఇవ్వలేదు.

"తప్పుందనుకో. ఇప్పుడైతే అది నా ఒక్కడి తప్పు. నువ్వు కాపీలు తీస్తే మనోళ్లందరి తప్పవుద్ది. తెలిసినోళ్లు ఒక్కసారి విననీ."

"తెలిసినోళ్లు ఎప్పుడొస్తారు? నువ్వు పోయాకా?"

"అందుకేరా, ఏ షాపులోనూ నిన్ను ఎక్కువకాలం ఉంచరు."

ఆయన కూతురు బ్లెస్సీ పిన్ని నర్సు. ఫోన్లో వెతికి వెతికి ఆ హజన్ కూతురిని పట్టుకుంది. పేరు మిల్కా. పోయిన చలికాలంలో ఒక శుక్రవారం ఆమె మా ఊళ్లో దిగారు. బాగా పెద్దావిడ. చేతిలో కెమెరా ఉంటుందని చూశాను. గొడుగు ఉంది.

మర్నాడు పొద్దున మందిరం నిండింది. తాత పుస్తకం తెరిచి పాట ఎత్తాడు, మేం అందుకున్నాం. ఆయన గొంతు మామూలు కంటే సన్నగా ఉంది. పరీక్ష ఆయనది, చెమటలు నాకు.

ఆ ప్రార్థన మధ్యలో, పుస్తకంలో ఒక వరుస మొత్తం ఖాళీగా ఉంటుంది. టేపులో అక్కడ హజన్ గొంతు ఆగిపోయి గుయ్‌మనే మోత ఒక్కటే మిగిలేదట. కాసేపటికి వదిలిన స్వరం నుంచే పాట మళ్లీ మొదలయ్యేదట. తాత మాకూ అలాగే నేర్పాడు. అక్కడికి రాగానే పసిపిల్లలతో సహా అందరం కదలకుండా నిలబడతాం. దేవుడు దాటిపోయే చోటని మా నాయనమ్మ అనేది.

ఆ రోజూ ఆగాం. నేను ఆడవాళ్ల వైపు చూశాను. మిల్కా గారు కళ్లు మూసుకుని ఉన్నారు. కుడిచేతి చూపుడువేలు ముఖం దాకా లేచి ఉంది. మాలో ఎవరూ వేలెత్తరు. తాత మళ్లీ స్వరం అందుకున్న క్షణంలోనే ఆ వేలు దిగింది.

భోజనాలయ్యాక ఆమె హిందీలో చెబుతుంటే బ్లెస్సీ పిన్ని తెలుగు చేసింది.

"పాటంతా మా నాన్నదే. ఊపిరి తీసుకునే చోట్లు కూడా. కానీ ఆ ఆగడం పాటలో లేదు. మా ఇల్లు రైలు పట్టాల పక్కన. లోకల్ రైలు వచ్చినప్పుడల్లా నాన్న పాట ఆపి వేలెత్తేవాడు. అది పోయేదాకా ఇంట్లో ఎవరమూ కదిలేవాళ్లం కాదు."

పిన్ని చివరి మాట చెబుతూ నవ్వబోయి, తండ్రిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తాత పుస్తకం తెరిచి ఆ ఖాళీ వరుస మీద వేలు పెట్టాడు. "అంటే ఇన్నేళ్లూ మేం బొంబాయి రైలుకు దారిస్తన్నామా అమ్మా?"

ఆ మాట హిందీలో విన్నాక మిల్కా గారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ నాన్న అలా ఆగేవాడని గుర్తున్నది కూడా నాకొక్కదానికే అనుకున్నాను."

విశ్రాంతి దినాన మేం కలం పట్టం. మధ్యాహ్నమంతా తాత పుస్తకం ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. థర్మల్ స్టేషన్ పొగగొట్టాల పక్కన చుక్కలు పొడిచి విశ్రాంతి దినం ముగిశాక ఎర్ర పెన్ను తెమ్మన్నాడు. ఆ వరుస కొట్టేస్తాడనే అనుకున్నాను. ఖాళీలో నెమ్మదిగా రాశాడు: ఇక్కడ రైలు పోతుంది. పోయేదాకా ఆగాలి.

పుస్తకం నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు తియ్యరా కాపీలు."

"తప్పు ఉంచేనా?"

"తప్పెక్కడుంది? ఎందుకు ఆగాలో రాశాగా."

సోమవారం షాపులో ఒక్కో పేజీ మిషన్ మీద పెడుతూ ఆ పేజీ దగ్గరికి వచ్చాను. బయట ఆటోల హారన్లు. మూత దించి, బటన్ నొక్కకుండా నిలబడ్డాను.

"ఏంటయ్యా, కరెంటు పోయిందా?" ఓనర్ లోపలి నుంచి కేకేశాడు.

"లేదండీ" అన్నాను. "ఒక్క నిమిషం."