కప్పు కింద జానెడు సందు

ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. దుప్పట్లూ గలీబులూ ఉడికే ఆ గదిలో ఆవిరి ఎంత దట్టంగా ఉండేదంటే, మనిషి కనబడేది కాదట, గొంతే వినిపించేది. ఉద్యోగం అయిపోయింది గానీ గొంతు మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు అన్నయ్య ఇంట్లో వెనక గదిలో ఉంటుంది. పెరట్లో ఆమె కోళ్ళు ఏడు. గూడు కట్టింది అన్నయ్య. ఆయన వడ్రంగి. పని మానేసి నాలుగేళ్ళయినా, ఆయన చెక్కకి చెక్క అతికిస్తే మధ్యలో వెంట్రుక దూరదని ఇప్పటికీ చెప్పుకుంటారు. గూడు పూర్తయిన రోజు తలుపు సందు దగ్గర అగ్గిపుల్ల వెలిగించి, మంట కదలడం లేదు చూడమని మురిసిపోయాడు. ఆవిరక్క చూసింది. బాగుందంది. చలి మొదలైన వారంలోనే ఆవిరక్క ఆయన రంపం తీసుకుని, సరిగ్గా కప్పు కింద, రెండు వైపులా జానెడు వెడల్పున కోసేసింది. అదీ వంకరగా.

రెండు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాడు, మాట్లాడకుండా ఉన్నదే నయం అనిపించేలా.

"దొంగలు కన్నం వేస్తారని విన్నాను. ఇంట్లోవాళ్ళే వేసుకోవడం ఇప్పుడే చూస్తున్నా. అదీ నీళ్ళు గడ్డకట్టే చలిలో."

"చలికి కోడి చావదన్నయ్యా, చెమ్మకి చస్తుంది."

కోడికి ఈకలు పుట్టుకతో వచ్చిన బొంత, అని ఆమె వాదన. ఈకల మధ్య గాలిని పట్టుకుని తన వెచ్చదనం తనే చేసుకుంటుంది. కానీ ఏడు కోళ్ళు తెల్లవార్లూ ఊపిరి వదులుతాయి, రెట్ట వేస్తాయి. ఆ తడి పైకి పోయే దారి లేకపోతే గోడలకి పడుతుంది, తల మీది ఎర్రటి కండ జుట్టుకి పడుతుంది, అక్కడే గడ్డకట్టి ఆ కండని చంపేస్తుంది. అందుకే సందు ఉండాలి, అదీ కోళ్ళు కూర్చునే చోటికి బాగా పైన. కిందుంటే ఈదురుగాలి నేరుగా ఒంటికే తగులుతుంది.

మిగతావీ ఆమె పద్ధతిలోనే జరిగాయి. కోళ్ళు కూర్చునే గుండ్రటి కర్ర పీకించి వెడల్పు పలక వేయించింది, కాలి వేళ్ళు పొట్ట కింద దాచుకుని కూర్చోవడానికి. నేల మీద మూరెడు మందాన ఎండుగడ్డి. పొద్దు వాలుతుంటే గుప్పెడు మొక్కజొన్నలు, పొద్దున్నే మంచుబిళ్ళ దులిపేసిన గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు. లోపల బల్బు పెడదామని వదిన అంటే ఒప్పుకోలేదు. గడ్డికి నిప్పంటుకుంటే ఏం చేస్తాం, దానికి అలవాటు పడ్డాక కరెంటు పోతే కోళ్ళ గతేం కాను, అంది. ఇన్నీ చేసి, గూటి లోపల మేకుకి ఒక పొడి గుడ్డ తగిలించేది. తెల్లారి ఆ గుడ్డ తీసి చెంపకి ఆనించుకునేది. లాండ్రీలో నేర్చుకున్న విద్య అది. బట్ట ఆరిందో లేదో చెయ్యి అబద్ధం చెప్పొచ్చు, చెంప చెప్పదు.

అన్నయ్యకి ఇదంతా పిచ్చిలా ఉంది. పెరడు ఆయనది కాబట్టి షరతు పెట్టాడు. ఈ చలికాలంలో ఒక్క కోడి జుట్టు నల్లబడినా ఏడూ మాంసం కొట్టుకి పోతాయి.

"సరే," అంది ఆవిరక్క. "అందాకా ఆ గూటి మీద నీ చెయ్యి పడకూడదు."

మూడు వారాలు గుడ్డ పొడిగానే ఉంది. ఆ తర్వాత ఒక రోజు చలి మరీ విరుచుకుపడింది. కుళాయి గొట్టం పగిలింది. అన్నయ్య పగలంతా కిటికీలోంచి గూడు వైపే చూశాడు. ఏడింటిలో ముసలి బూడిదరంగు కోడి ఒకటి ఉంది, ఆయన చెక్క చిత్రిక పడుతుంటే వచ్చి పొట్టులో పొడుచుకుంటూ ఆయన కాళ్ళ దగ్గరే తిరిగేది. ఆ సాయంత్రం చెల్లెలు కోళ్ళను మూసి లోపలికి రాగానే ఆయన వెళ్ళి, రెండు సందుల్లోనూ గోనెసంచులు కుక్కి వచ్చాడు. పంతం సగం, జాలి సగం.

తెల్లారి ఆవిరక్క తలుపు తీస్తే ఘాటు కళ్ళకి కొట్టింది. గోడల మీద నీటి బొట్లు ఎక్కడివక్కడే గడ్డకట్టి ఉన్నాయి. బూడిద కోడి జుట్టు కొన పాలిపోయి, ముట్టుకుంటే అట్టలా ఉంది. రుద్దకుండా అరచేతి వేడితోనే దాన్ని మెత్తబరిచింది. కోడిని చంకలో పెట్టుకుని, మేకుకున్న గుడ్డ తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. అన్నయ్య టీ తాగుతున్నాడు. చెమ్మతో మంచులా ఉన్న ఆ గుడ్డని ఆయన చెంపకి అదిమి పట్టుకుంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏంటే ఇది?"

"కదలకు. వెచ్చగా ఉంటుందని నువ్వు దాచిపెట్టావే, ఆ గాలి."

మూడు రోజులకి ఆ కొన నల్లబడింది. భోజనాల దగ్గర అన్నయ్య తల ఎత్తకుండా, షరతు షరతే కదా అన్నాడు. ఆయనకే ఆ మాట సహించలేదు, ముద్ద నోట్లోకి పోలేదు.

ఆవిరక్క మాత్రం తినడం ఆపలేదు. "నల్లబరిచింది నా సందు కాదు, నీ గోనెసంచి. కొట్టుకి పంపాలంటే దాన్ని పంపు. నా కోళ్ళు కదలవు. నేనూ కదలను."

"ఏమండీ," అంది వదిన పొయ్యి దగ్గర నుంచి, "ఆవిడకి రంపం పట్టడం వచ్చు. ఈసారి కంచాలు వేసే బల్ల కోస్తుంది."

ఆయన లేచి చెయ్యి కడుక్కుని పెరట్లోకి పోయాడు. సందులు మూయడానికే అనుకుని ఆవిరక్క ఎంగిలి చేత్తోనే వెంట పరుగెత్తింది. ఆయన కొలబద్ద తీసి కొలుస్తున్నాడు. వంకర అంచులు చిత్రిక పట్టాడు. పిల్లి దూరకుండా ఇనుప వల బిగించాడు. కోసేవాళ్ళు కాస్త తిన్నగా కోయొచ్చుగా అని గొణిగాడు. చివరికి కీళ్ళతో రెండు చిన్న మూతలు తీశాడు, అవసరమైతే వేసుకోవడానికి.

"మూతలు వద్దు. ఉంటే నీ చెయ్యి ఊరుకోదు."

ఆయన వాటి వంకా ఆమె వంకా చూసి, తీసుకెళ్ళి వదినకిచ్చాడు. ఇప్పుడు వాటి మీద కూరలు తరుగుతున్నారు.

బూడిద కోడికి ఆ నల్లటి కొన రాలిపోయింది. కోడి మాత్రం నిక్షేపంగా ఉంది, చలి తగ్గాక గుడ్లు కూడా మొదలుపెట్టింది. వదిన దానికి సాక్షి అని పేరు పెట్టింది. మళ్ళీ చలి ముదిరిన సాయంత్రాల్లో అన్నయ్య కాళ్ళు ఆయనకు తెలియకుండానే గోనెసంచుల వైపు పోతాయి. వంటగదిలోంచి వదిన పిలుస్తుంది.

"ఏమండీ, సాక్షిని రమ్మనమంటారా?"

ఆయన సంచీ కింద పడేసి, గూటి తలుపు తీసి, లోపల గుడ్డ ఉందో లేదో చూసి వస్తాడు.