వెర్లీన్ ఇంటి తనిఖీ

అమెరికాలోని టొలీడో ఊళ్ళో నది ఒడ్డున ఉన్న పాత ఇటుక మేడ మూడో అంతస్తులో వెర్లీన్ టగుల్ భయపడుతూ కాపురం ఉంటోంది. భయపడటమే ఆమెకు అసలు ఉద్యోగం. ఆస్పత్రి దుప్పట్లు ఉతకడం మధ్యమధ్య తీరిక దొరికినప్పుడు చేసే పని.

అంతకు ముందు చాలాకాలం ఆమె కాపురం ఒక బ్యూక్ కారులో సాగింది. ఆ జీవన శాస్త్రానికంతటికీ సూత్రం ఒక్కటే: ఇక్కడ మనిషి పడుకున్న ఆనవాలు కనిపించకూడదు. తెల్లారకుండానే దుప్పటి డిక్కీలోకి, పళ్ళ బ్రష్షు జేబులోకి వెళ్ళిపోవాలి. అద్దాల మీద ఊపిరి ఆవిరి కూడా తుడిచేయాలి. పార్కింగ్ స్థలం కాపలావాడు అద్దం తట్టి, ఇక్కడ ఎవరుంటున్నారని అడిగితే చెప్పడానికి ఒక జవాబు నాలుక మీదే ఉండేది.

ఏళ్ళ తరబడి ఎదురుచూశాక ప్రభుత్వం ఇచ్చే అద్దె వోచరు వచ్చింది. జీతంలో మూడో వంతు ఆమె కడితే, మిగిలిన అద్దె హౌసింగ్ ఆఫీసు ఇంటి యజమానికి కడుతుంది. ఇంతటి అనుగ్రహానికి షరతులుండవా? ఏటా తనిఖీ జరుగుతుంది. ఇల్లు సవ్యంగా ఉండాలి, వోచరు ఎవరిదో వాళ్ళే అందులో ఉండాలి. లేదంటే సాయం ఆగిపోతుంది. ఆగితే మళ్ళీ కారే గతి. ఆ కారు తుక్కు కిందకి పోయి చాలా రోజులైంది.

మొదటి తనిఖీ రేపనగా వెర్లీన్ తనకు తెలిసిన పద్ధతిలోనే ఇల్లు సర్దింది. ఫ్రిజ్ ఖాళీ చేసింది. బట్టలు, మూకుడు, చెప్పులు, దిండు, చివరికి సబ్బుముక్కతో సహా సంచుల్లో కుక్కి ఎదురింటి ఓజెల్లా ఇంట్లో పడేసింది. ఓజెల్లా పక్షవాతం వచ్చిన మొగుణ్ణీ, మేడ మొత్తం సంగతుల్నీ ఒంటిచేత్తో చూసుకునే మనిషి.

"తనిఖీ ఇంటికే పిల్లా, శవపేటికకి కాదు. ఒక్క కప్పన్నా ఉంచుకోవే" అంది ఓజెల్లా.

వెర్లీన్ కప్పు కూడా ఇచ్చేసింది.

మర్నాడు తనిఖీకి హౌసింగ్ ఆఫీసు నుంచి వోయ్‌చిక్ గారు వచ్చారు. పొడుగ్గా, నిదానంగా, ప్రతి కుళాయినీ తీర్పు చెప్పబోయే జడ్జిలా చూసే మనిషి. కిటికీ గడియలు లాగి చూశారు, పొగొస్తే మోగే గంట మోగించి చూశారు, పొయ్యి వెలిగించారు. అన్నీ బాగున్నాయి. తర్వాత ఫ్రిజ్ తెరిచారు, బట్టల అల్మరా తెరిచారు, స్నానాల గదిలోకి తొంగి చూశారు. ఆయన మొహం క్రమంగా గంభీరమవుతోంది. వోచరు మీద ఇల్లు తీసుకుని తాము వేరేచోట ఉండే ఘనుల్ని ఆయన చాలామందిని చూశారు.

"అమ్మా, ఇక్కడ ఎవరుంటున్నారు?"

గొంతు అచ్చం కాపలావాడి గొంతే. నాలుక మీది జవాబు దానంతటదే జారిపోయింది.

"ఎవరూ ఉండట్లేదు సార్. ఇప్పుడే వెళ్ళిపోతా."

వోయ్‌చిక్ గారు కలం మూత తీశారు.

తానేమన్నదో వెర్లీన్‌కి అప్పుడు వినిపించింది. ఉంటున్నది తనేనని, సామానంతా ఎదురింట్లో ఉందని, కారు రోజుల అలవాటని గబగబా చెప్పేసి, ఆయన్ని దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఓజెల్లా తలుపు కొట్టింది.

సంచులు చూసి ఆయన నొసలు ఇంకా ముడిచారు. బట్టలిక్కడ, దిండిక్కడ, బ్రష్షిక్కడ ఉంటే ఆవిడ నివాసం ఇక్కడే అనుకోవాలి కదా అన్నారు. తర్కంలో ఎక్కడా లోపం లేదు. వెర్లీన్ గోడకి ఆనుకుంది. తన చేత్తోనే తన ఇల్లు మూటగట్టి పారేసుకున్నట్టయింది.

ఓజెల్లా నడుం మీద చెయ్యి వేసుకుంది. "అయ్యగారూ, మంచానపడ్డ మొగుడొకడు చాల్లేదని దీన్ని కూడా పెట్టుకుంటానా? ఇది నా ఇంట్లో ఉంటే, తుడిచి తుడిచి నా సోఫా మీద ఈపాటికి ధూళి ఉండేదే కాదు. ఒకసారి చూసుకోండి."

ఆయన సోఫా వంక చూశారు. వాదనలో బలం ఉందని ఒప్పుకోక తప్పలేదు. తర్వాత వెర్లీన్ వైపు తిరిగి, ఈసారి మెల్లగా అడిగారు. "కారులో ఎన్నాళ్ళున్నారమ్మా?"

వెర్లీన్ వేళ్ళ మీద చలికాలాలు లెక్కపెట్టడం మొదలెట్టింది. ఆమె రెండో చేతికి వచ్చేసరికి ఆయన కలం మూత పెట్టేశారు.

"ప్రస్తుతానికి మీ ఇంట్లోనే ఉంటున్నట్టు రాస్తాను. ఈ నెలలో చెప్పకుండా ఇంకోసారి వస్తాను. అప్పుడు మీ ఇంట్లో మనిషి ఉన్న ఆనవాలు కనబడాలి."

తనిఖీ అంటే ఏడాదికి ఒక్క రోజే అనుకుంది వెర్లీన్. ఇప్పుడు ప్రతి రోజూ ఆ రోజే.

ఆ సాయంత్రం వెర్లీన్ సంచులు విప్పి చెప్పులు గుమ్మం దగ్గర విడిచింది, తడి తువ్వాలు తలుపు మీద ఆరేసింది. ఉల్లిపాయలు వేసి బంగాళాదుంపలు వేయించుకు తింది. జిడ్డు మూకుడు సింకులో పెట్టి కుర్చీలో కూర్చుంది. వరండాలో అడుగుల చప్పుడైన ప్రతిసారీ ఆమె లేచి నిలబడింది, మూకుడు వంక చూసింది. దాన్ని కడిగెయ్యకుండా ఉండేందుకు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని మళ్ళీ కూర్చుంది.