నన్ను మోసి దింపినవాడు

సహోదరులారా, సహోదరీలారా, నేను గొంతెత్తి సాక్ష్యం చెప్పేవాడిని కాను. అలసిపోయిన మనిషిని. ఈ కాలు ఎక్కువసేపు నిలబడనివ్వదు, కూర్చునే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మాది భావనపాడు. పట్టాళంలో చేరి, సరిహద్దులో మంచుకొండల మీద పోస్టులో ఉన్నప్పుడు, అవతలి నుంచి వచ్చిన గుండు పేలి నా ఎడమ తొడ చీలిపోయింది. కట్టయితే కట్టారు గానీ ఆసుపత్రికి చేర్చేది ఎలా? మబ్బు కమ్మేసి హెలికాప్టర్ పైదాకా రాలేకపోయింది. కింద లోయలో చదును చేసిన చోటిదాకా మోసుకుపోవడమే దారి. అంత ఎత్తులో ఆ పలచటి గాలిలో వట్టి చేతులతో నడిస్తేనే ఆయాసం వస్తుంది, అలాంటిది స్ట్రెచర్ మీద మనిషిని పెట్టుకుని, మోకాలిలోతు మంచులో, ఒక పక్క రాయి, ఒక పక్క లోయ ఉన్న దారిలో దిగాలి. దిగేటప్పుడు బరువంతా ముందువాళ్ల మీదే పడుతుంది కాబట్టి అక్కడ మనుషులు మారుతూ ఉండాలి. అందరూ మారారు. అప్పన్న మాత్రం మారలేదు.

అప్పన్నది కోటబొమ్మాళి పక్క పల్లె, వరి పండించే ఇల్లు. ఒకే జిల్లా వాళ్లం కాబట్టి బావా అంటే బావా అనుకునేవాళ్లం. నేను నిద్రపోతే మళ్లీ లేవనని భయపడి దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. "ఒరే బావా, కళ్లు ముయ్యకు. ఏటి తిన్నావురా ఇంత బరువున్నావు? మా యమ్మ సేతి అంబలి తాగినోణ్ని కాబట్టి మోస్తన్నాను, నేకపోతే ఎప్పుడో లోయలోకి ఇసిరేద్దును."

అతని గొంతులో గురగుర నాకు వినబడుతూనే ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని కింద వైద్యుడు చెప్పాడు. మబ్బు కాస్త విడిపోవడంతో హెలికాప్టర్ దిగింది గానీ, అందులో ఒక్కరికే చోటు. "ఈడికి రగతం పోతంది, ఈణ్ని ముందు అట్టుకెళ్లండి, నాను కూకుంటాను" అన్నాడు అప్పన్న. మళ్లీ మబ్బు మూసుకుంది. హెలికాప్టర్ తిరిగి వచ్చేసరికి అతని ఊపిరి ఆగిపోయింది. నేను ఆసుపత్రిలో కళ్లు తెరిచాను, అతను జెండా కప్పుకుని ఊరు చేరాడు.

నేను ఇంటికి వచ్చాక ప్రతి ఒక్కరూ, "దేవుడు నిన్ను బతికించాడు" అన్నారు. తప్పు మాట కాదు, కానీ వింటే ఒళ్లు మండిపోయేది. అప్పన్న తల్లి మాత్రం మొక్కలేదా? కృతజ్ఞత కూడిక పెడదామని పాస్టరు గారంటే వద్దన్నాను. మిలిటరీ క్యాంటీన్ రమ్ము తెచ్చుకుని పొద్దున్నే మొదలుపెట్టేవాడిని. నా భార్య ఉపవాసముండి ప్రార్థిస్తుంటే మొహం తిప్పుకునేవాడిని.

ఒక మధ్యాహ్నం అప్పన్న తల్లి నారాయణమ్మ గారు బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. "ఆకరికి నా కొడుకు నీ పక్కనే ఉన్నాడంట గదా నాయినా. ఆఫీసర్లు జెండా ఇచ్చినారు. ఆడేటి మాటాడినాడో మాత్రం ఎవులూ సెప్పలేదు. నువ్వు సెప్పు" అంది. అప్పటికే తాగి ఉన్నాను, నాలుక తిరగలేదు. ముందుది వెనకా, వెనకది ముందూ చెప్పి ఏడ్చేశాను. ఆమె తిట్టలేదు. "ఇలాగొద్దు. తాగనప్పుడు సెప్పు. నాను మళ్లీ వస్తాను" అని, నా భార్య ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

మోకరించలేను కనుక మంచం పట్టుకుని ప్రార్థించాను. "ప్రభువా, నన్నెందుకు ఉంచావని అడగను, అడిగే ఓపిక లేదు. ఆ తల్లికి ఆమె కొడుకు మాటలు అప్పగించేదాకా ఈ నోటిని శుభ్రంగా ఉంచు." సహోదరులారా, తాగుడు నుంచి విడుదల ఒక్కసారిగా రాలేదు, చేతులు వణికాయి, వాంతులయ్యాయి, ఆసుపత్రి మందులూ కావాల్సి వచ్చాయి, సంఘ పెద్దలు వంతులు వేసుకుని నా పక్కన కూర్చున్నారు, అయినా ఆయన నన్ను విడువలేదు. దేవునికే మహిమ.

ఆమె వచ్చేదాకా ఆగకుండా నేనే వాళ్ల ఊరు వెళ్లాను. ఆమె కళ్లంలో ధాన్యం ఎండబెడుతోంది. తిట్లతో సహా, ఆ గురగురతో సహా అంతా చెప్పాను. అంబలి మాట దగ్గర ఆమె నవ్వింది. "ఆడికి అంబలంటే పడదు నాయినా, తాగమంటే పారిపోయేవోడు" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి "మళ్లీ సెప్పు" అంది. మొదటి నుంచి మళ్లీ చెప్పాను.

ఇవాళ ఆమె ఇక్కడే, ఆడవాళ్ల వరుసలో కూర్చుంది. మన దేవుణ్ణి వెతుక్కుంటూ రాలేదు, కొడుకు మాట ఇంకోసారి వినడానికి వచ్చింది. ఆమెను ఎవరూ ఇబ్బంది పెట్టకండి. దేవుడు అప్పన్నను ఎందుకు తీసుకున్నాడో, నన్ను ఎందుకు ఉంచాడో నాకిప్పటికీ తెలియదు. జవాబు లేకుండానే ఆయనను నమ్ముతున్నాను. మీలో ఎవరైనా చెప్పలేని మాటను మందులో ముంచుతూ ఉంటే, అలసిపోయి ఉంటే, నాలాగే ఆయన దగ్గరకు రండి, ఆయన తోసెయ్యడు. అమ్మా, నారాయణమ్మ గారూ, మీ కొడుకు పేరు చెప్పకుండా నేను దేవునికి కృతజ్ఞత చెప్పలేను. చెప్పను కూడా.